పదిహేనింట ఆరు

రైలు కోటబొమ్మాళి దాటిందో లేదో అమ్మడు నిద్రలోకి జారిపోయింది. కిటికీ ఊచకి తల ఆన్చి, నోరు కొద్దిగా తెరిచి, నెత్తిన చేపల బుట్ట లేని మెడ ఎటు వాలాలో తెలియనట్టు అటూ ఇటూ ఊగుతుంటే, ఎదుటి సీట్లో కుసుమకుమారి తల్లినే చూస్తూ కూర్చుంది. ఈ మనిషి ఇవాళ నా పీహెచ్‌డీ వైవాకి వస్తోంది, ముందు వరసలో కూర్చుంటుంది, నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా వింటుంది అనుకుంది. నవ్వొచ్చింది. బహిరంగ వైవా అంటే ఎవరైనా రావచ్చని తెలిసిన దగ్గర్నుంచీ అమ్మడిది ఒకటే మాట, నేనూ వస్తాను. అందుకే గరివిడి కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టి కుసుమ పనిగట్టుకుని ఊరొచ్చింది, తల్లిని వెంటబెట్టుకుని పొద్దున్నే విజయనగరం బయల్దేరింది. "ఏటడుగుతారే నిన్ను? సెప్పలేకపోతే పట్టా ఇవ్వరేటి?" అని నిన్నంతా అదే బెంగ. బెంగపడ్డ మనిషి హాయిగా నిద్రపోతోంది. నిద్రపోవలసిన తను మాత్రం పరీక్షకులు అడగబోయే ప్రశ్నలు తనకి తానే వేసుకుంటూ, పొట్టమీదున్న వరిచేలు కిటికీలోంచి వెనక్కి పోతుంటే వాటినీ సగం చూస్తూ సగం చూడకుండా, పెదాలు కదుపుతోంది. మీ పరిశోధన దేని గురించి, సామాన్యులకి అర్థమయ్యేలా రెండు మాటల్లో చెప్పండి. ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. రెండు మాటల్లో. నేల పరచడం గురించండీ.

గచ్చుమీద పలకలు పరిచినట్టు, ఎక్కడా సందు లేకుండా, అంతులేని నేలనంతా ఒకటి రెండు రకాల ఆకారాలతో పరిచామనుకోండి. పలకల మూలలు కలిసిన చోట్లు కూడళ్లు. ఒక కూడలిలో కాపలాకి కూర్చున్నవాడు తన కూడలినీ, గీత వెంట ఆనుకుని ఉన్న కూడళ్లనీ చూసుకుంటాడు, వాడి చూపు అంతకు మించి పోదు. ఎన్ని కూడళ్లలో కాపలా పెడితే ఏ కూడలీ అనాథ కాకుండా ఉంటుంది? అంతకంటే అందమైన ప్రశ్న ఇంకొకటుంది, ఏ కూడలికీ ఇద్దరు కాపలాదార్లు లేకుండా, సరిగ్గా ఒక్కరే ఉండేలా అమర్చడం కుదురుతుందా? పుస్తకాల్లో దీన్ని ఆధిపత్యం అంటారు. ఆ మాట కుసుమకి ఎప్పుడూ నచ్చలేదు, అందులో ఎవరో ఎవరినో తొక్కిపెట్టినట్టుంటుంది, ఇది ఒకరిని ఒకరు చూసుకోవడం కదా. తల్లికి చెప్పాల్సి వచ్చినప్పుడు మరో దారి పట్టింది. అమ్మా, ఒక చేపలామె తన ఊళ్లోనూ, తన ఊరిని ఆనుకున్న ఊళ్లలోనూ అమ్ముతుందనుకో. ఏ ఊరూ చేప లేకుండా ఉండకూడదు, ఏ ఊరికీ ఇద్దరు వెళ్లకూడదు. అలా పంచుకోవడం కుదురుతుందా? అమ్మడు చేప పొలుసు గీకుతూనే జవాబిచ్చింది. "కుదరకేటి? తగువులాడుకోకుండా ఉంటే అన్నీ కుదురుతాయి." కాసేపాగి, గీకుడు ఆపి, "ఎవులే ఊరెల్తే నీకేటి? దీనికి పట్టా ఇస్తారేటి?" అంది.

ఇస్తారమ్మా. ఇవాళ ఇస్తారు, అంతా సవ్యంగా జరిగితే. తిలారులో చేపలమ్మే ఆడవాళ్లు నలుగురైదుగురు ఎక్కారు, ఖాళీ బుట్టలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తలుపు దగ్గర పడేసి, గట్టిగా మాట్లాడుకుంటూ. ఆ వాసన. కాలేజీలో చేరిన కొత్తలో ఆ వాసన తన జడలో ఉందేమోనని రెండుసార్లు తల రుద్దుకుని వెళ్లేది. తన గైడు వేంకటాచలం మేస్టారింటికి మొదటిసారి వెళ్లినప్పుడూ అంతే, శృంగవరపుకోటలో గుమ్మం బయటే నిలబడిపోయింది. తరతరాలుగా గుడి సేవ చేసుకునే ఇల్లు, లోపల ఎవరో వీణ శ్రుతి చేస్తున్నారు, అడుగు పెట్టనా వద్దా అని. వీణ ఆగింది. ఆయన భార్య రాజరాజేశ్వరమ్మ గుమ్మంలోకొచ్చి, ఏవమ్మా ఎండలో నిలబడ్డావేం, లోపలికి రా, జాగ్రత్త, గింజలు తొక్కకు అంది. గింజలా? చూస్తే హాలంతా గురివింద గింజలు. ఆ హాలు గచ్చు పాతకాలపుది, ఎనిమిది మూలల పెద్ద తెల్ల పలకలు, వాటి మధ్య ఒక మూల పైకి, ఒక మూల కిందికి ఉండేలా తిప్పి పరిచిన చిన్న చిన్న నల్ల పలకలు. ప్రతి నల్ల పలక పై మూలనా కాపలాదారులా ఒక ఎర్రటి గింజ. మేస్టారు పంచె మోకాళ్లపైకి లాక్కుని నేలమీద కూర్చున్నారు, అరవై దాటిన మనిషి, పేరడగలేదు, ఊరడగలేదు, చూడు, ఏ మూలనైనా వేలు పెట్టు, దాన్ని ఎన్ని గింజలు చూసుకుంటున్నాయో చెప్పు అన్నారు. పెట్టింది. ఒక్కటే. ఇంకో చోట పెట్టింది. ఒక్కటే. గోడవారగా వంగి పెట్టింది, సోఫా కింద పెట్టింది, ఎక్కడ పెట్టినా ఒక్కటే. ఇప్పుడు ఈ ఒక్క నిలువు వరస మార్చు, గింజలన్నీ కింది మూలకి దించు అన్నారు. దించింది. అయినా ఒక్కటే. ఏ నిలువు వరసైనా తన ఇష్టమొచ్చినట్టు పైకో కిందికో ఉండవచ్చు, పక్క వరసని అడగక్కర్లేదు. కాని ఒక్క పలక దగ్గర గింజని పక్క మూలకి జరిపావో, ఆ అడ్డవరస మొత్తం, ఈ హాలు దాటి, వీధి దాటి, కొండలు దాటి, కంటికి ఆనని దూరం వరకూ పక్కకి తిరగాల్సిందే, దానితో బాటు లోకంలోని అన్ని వరసలూ తిరగాల్సిందే. కుసుమ ఆ రోజు గచ్చు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. చల్లటి గచ్చు, వేళ్ల కింద గింజ, ఆ గింజ నుంచి అటూ ఇటూ అంతులేకుండా పరుగెత్తుతున్న ఒక ఆజ్ఞ. ఎవరు ఇచ్చారు దాన్ని? తన జడ వాసన సంగతి ఆ ఇంట్లో మళ్లీ గుర్తు రాలేదు.

వంశధార ఎప్పుడు దాటిందో చూడలేదు. ఆమదాలవలసలో జనం దిగారు, జనం ఎక్కారు. టీ అమ్మేవాడి కేకకి అమ్మడు కళ్లు తెరిచి, "వచ్చేసిందేటి?" అని, జవాబు వినకుండానే మళ్లీ మూసేసింది. ప్రశ్నలు. రెండో ప్రశ్న. మీరు దేన్ని సాధించారు? చదరపు గళ్ల నేలమీద కుదురుతుందండీ, ఐదు కూడళ్లకి ఒక గింజ చొప్పున, చదరంగంలో గుర్రం అడుగులు వేసినట్టు. తేనెపట్టు నేలమీద నాలుగింటికి ఒకటి. అన్నీ త్రికోణాలే పరిచిన నేలమీద ఏడింటికి ఒకటి. అవన్నీ పాత సంగతులే. నేను చేసినది వాటికంటే చిక్కుపడ్డ తీరుల్లో పరిచిన నేలలు కొన్నింటి మీద. మూడో ప్రశ్న. చివరి అధ్యాయంలో ఒక ఊహ ఉంది, మీ గైడు పేరుతో. అవునండీ. వేంకటాచలం ఊహ. దాని గురించి చెప్పండి. చెబుతానండీ. తలుపు దగ్గర పడున్న ఆ బుట్టని చూడండి. ఎండుచేపలు మోసే కన్నాల బుట్ట. వెదురు బద్దలు మూడు దిక్కులుగా పోతాయి, వాటి మధ్య ఆరు మూలల కన్నాలు మిగులుతాయి, కన్నానికీ కన్నానికీ మధ్య చిన్న చిన్న త్రికోణాలు. రెండు బద్దలు దాటుకున్న ప్రతి చోటూ ఒక కూడలి, దానికి బద్దల వెంట నాలుగు పక్క కూడళ్లు. గింజ తనని, ఆ నాలుగింటిని చూసుకుంటుంది. మొత్తం ఐదు. కాబట్టి ఐదింటికి ఒక గింజ చొప్పున అమరాలి, అదే ఆయన ఊహ. మేస్టారు శృంగవరపుకోట సంతలో మేదరివాళ్ల దగ్గర అలాంటి బుట్ట కొని, ఇంటికి తెచ్చి, నడవలో మేకుకి తగిలించి ముప్పై ఏళ్లయింది. రాజరాజేశ్వరమ్మ ఆ అల్లికని నేలమీద ముగ్గుతో గీసిచ్చేది, ఆయన గింజలు పెట్టేవారు. కొంతదూరం చక్కగా వచ్చేది. తర్వాత ఎక్కడో ఒక కూడలికి ఇద్దరు, ఎక్కడో ఒక కూడలికి ఎవరూ లేరు. చెరిపి, మళ్లీ. ఆవిడ నవ్వేది, నేను గీసిన గీత వంకరేమోనండీ అనేది. పోయినేడు ఆవిడ పోయింది. పదో రోజు దాటాక కుసుమ పలకరించడానికెళితే మేస్టారు గచ్చు మీదే కూర్చుని ఉన్నారు, ముగ్గు వేసేవాళ్లు లేక సుద్దముక్కతో తనే గీసుకుంటూ, చెయ్యి వణికి గీతలు కలవక. "ఉందమ్మా," అన్నారు. "అమరిక ఉంది. నాకు కనబడడం లేదంతే. మా తాతలు కంటికి కనబడేవాడికి పూజ చేశారు, నాది కనబడనిది. నేను పోయేలోగా ఒక్కసారి కనబడితే చాలు." ఆ మాట తర్వాత ఆయన కుసుమతో మరో సంగతి మాట్లాడడమే మానేశారు. తిన్నారా అంటే అమరిక, పడుకున్నారా అంటే అమరిక.

మీ ఊహ నిజమని ఎందుకు అనుకుంటున్నారు? నాలుగో ప్రశ్న. లెక్క సరిపోతుంది కాబట్టండీ. ఏ లెక్క? ఐదింటికి ఒకటి అనే లెక్క. అది ఒక్కటే సరిపోతే చాలా? ఇంకేమీ లెక్క పెట్టలేదా మీరు? లేదండీ, అంటే. రైలు నాగావళి వంతెన మీదికొచ్చింది. చప్పుడు మారిపోయింది, కింద ఇసుక, ఇసుక మధ్య నీళ్లు, వంతెన ఇనుప కమ్మీలు ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ పోతున్నాయి. ఇంకేమి లెక్కపెట్టవచ్చు? గింజలు పెట్టాం, కూడళ్లు లెక్కపెట్టాం. త్రికోణాలు? పరీక్షకుడు అడిగితే చెప్పడానికి ఉంటుంది, పెడదాం. పదిహేను కూడళ్లకి పది త్రికోణాలు పడతాయి, ఐదు కన్నాలు పడతాయి. పదిహేను కూడళ్లకి మూడు గింజలు. ఒక్కో గింజ తన అటూ ఇటూ రెండు త్రికోణాలని నింపుతుంది, కాబట్టి ఆరు త్రికోణాలు నిండాయి. నాలుగు ఖాళీ. ఖాళీ. ఇన్నేళ్లలో ఖాళీ త్రికోణాలకేసి ఎవరూ చూడలేదు, మేస్టారూ చూడలేదు, తనూ చూడలేదు, అందరి కళ్లూ ఎర్రటి గింజల మీదే. సరే, ఖాళీలు ఎక్కడుంటాయి? ఒక్కో కన్నం చుట్టూ ఆరు త్రికోణాలు దండలా ఉంటాయి. ఆ దండలో రెండు ఖాళీలు పక్కపక్కన ఉండకూడదు, ఉంటే వాటి మధ్య కూడలి అనాథ. రెండు నిండువి పక్కపక్కనుంటే గింజ వాటి ఉమ్మడి మూలనే ఉండాలి, కాబట్టి మూడు నిండు త్రికోణాలు వరసగా ఉండకూడదు, ఉంటే మధ్యదానికి రెండు గింజలు. అంటే ఒక్కో కన్నం చుట్టూ ఖాళీలు రెండో, మూడో. ఒకటి కావు, నాలుగు కావు. ఆగు. నాలుగు ఖాళీలు, ఒక్కోటీ మూడు కన్నాలని తాకుతుంది, పన్నెండు తాకిడులు, ఐదు కన్నాలు పంచుకోవాలి. అన్నీ రెండేసి తీసుకుంటే పది. ఇంకో రెండు మిగిలాయి. అంటే ప్రతి ఐదు కన్నాలకీ రెండింటికి మూడేసి ఖాళీలు ఉండాలి. ఐదింట రెండు.

వంతెన అయిపోయింది. చప్పుడు తగ్గింది. కుసుమ గుండె చప్పుడు మాత్రం తగ్గలేదు, ఏదో వస్తోంది, అటుకేసి నేరుగా చూడకూడదు, చూస్తే బెదిరిపోతుంది అన్నట్టు, కిటికీ బయట తాటిచెట్ల మీదే కళ్లు పెట్టి నెమ్మదిగా, నెమ్మదిగా. మూడు ఖాళీలున్న కన్నం. దాని చుట్టూ ఖాళీ, నిండు, ఖాళీ, నిండు, ఖాళీ, నిండు. ఆ నిండు త్రికోణాల గింజ ఏ మూల ఉంటుంది? లోపలి మూలల్లో దేని మీద పెట్టినా పక్క ఖాళీ నిండిపోతుంది. కాబట్టి బయటి మూలకే పోవాలి. బయటి మూలకి పోతే, అక్కడ అవతలి త్రికోణం కూడా నిండుతుంది. రెండు నిండు త్రికోణాలు జంట. ఆ జంట ఎవరి దండలో పడింది? పక్క కన్నాల దండల్లో. జంట పడిన చోట ఖాళీలు మూడుండవు, రెండే. అంటే మూడు ఖాళీలున్న కన్నం పక్కన ఆరు వైపులా ఎక్కడా మరో మూడు ఖాళీల కన్నం ఉండదు. ఒకదాన్నొకటి తాకవు. ఎప్పటికీ తాకవు. ప్రతి త్రికోణం చుట్టూ మూడు కన్నాలుంటాయి, మూడూ ఒకదాన్నొకటి తాకుతూ. ఆ మూడింట్లో ఒక్కటే అలాంటిది కాగలదు. మూడింట ఒకటి. అంతకు మించి కుదరదు. ఎంత పెద్ద బుట్ట అల్లినా, భూమంత బుట్ట అల్లినా, మూడింట ఒకటి. కాని కావలసింది ఐదింట రెండు. పదిహేను కన్నాలు తీసుకో. పదిహేనింట ఆరు కావాలి. ఐదుకి మించి దొరకవు.

ఐదుకి మించి దొరకవు.

లేదు. అమరిక లేదు. కనబడకపోవడం కాదు, దాక్కోవడం కాదు, ఎవరి చెయ్యీ వణకడం వల్ల కాదు, రాజరాజేశ్వరమ్మ గీత వంకర పోవడం వల్ల కాదు. ఎక్కడా, ఎవరికీ, ఎన్నాళ్లు కూర్చున్నా. మళ్లీ మొదటికెళ్లింది. గింజ, రెండు త్రికోణాలు, నాలుగు ఖాళీలు, పన్నెండు తాకిడులు. తప్పెక్కడ? ఎక్కడో ఉండాలి, ఇంత చిన్నది ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకుండా ఉంటుందా? మరోసారి. దూసి పోయిందో పొందూరు పోయిందో తెలియలేదు. మరోసారి. తప్పు లేదు. ప్రతి మెట్టూ రాయిలా నిలబడింది, కాలు వేస్తే కదల్లేదు. ఎదురుగా నిద్రపోతున్న తల్లి, ఆమె చెవి తమ్మెకి వేలాడే పాత దిద్దు, కిటికీలో ఎండ, ఎండలో దుమ్ము, తలుపు దగ్గర ఎవత్తో ఫోన్లో ఎవరినో తిడుతోంది, అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఒక్కోదాని అంచూ ఎవరో కొత్తగా గీసినట్టు. ఇది నేను కనిపెట్టింది కాదు, అనుకుంది. లోకంలో ఏ మూలో ఎవరో ఎప్పుడో చూసే ఉండవచ్చు, చూడకపోనూ వచ్చు, దానికేం. మేదరివాళ్లు మొదటి బుట్ట అల్లకముందూ ఇది ఇంతే. వెదురు మొలవకముందూ, ఈ నది సముద్రానికి దారి వెతుక్కోకముందూ, పదిహేనింట ఆరు కావాలంటే ఐదే దొరికేవి. లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేనప్పుడూ ఒకటి తక్కువే. చిన్నప్పుడు తెల్లారగట్ల తండ్రి తెప్ప అలల్ని దాటి అవతలికి పోయాక, ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూస్తే ఇలాగే ఉండేది, ఇంత పెద్దది, నన్నడగకుండా ఇలా ఉందేమిటి అని. ఆ సముద్రానికి ఇవతలి ఒడ్డొకటుంది. దీనికి అదీ లేదు.

అప్పుడు మేస్టారు గుర్తొచ్చారు. గుర్తు రావడం కాదు, ఆయన ఎప్పుడూ అక్కడే ఉన్నారు, ఇప్పుడు ముఖం తిప్పి ఇటు చూశారు. నేను పోయేలోగా ఒక్కసారి కనబడితే చాలు. ఇవాళ ఆయన విజయనగరం స్టేషన్లో కూర్చుని ఉంటారు, ఎవరొద్దన్నా వినకుండా శృంగవరపుకోట నుంచి పొద్దుటి బస్సు పట్టుకుని. వైవాలో తన ఊహ గురించి శిష్యురాలు చెబుతుంటే విందామని. చెప్పకపోతే? ఈ ఒక్క పూటా చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? థీసిస్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పు, పట్టా పుచ్చుకో, ఆయన సంతోషంగా ఇంటికి వెళతారు, గచ్చు మీద సుద్దముక్కతో కూర్చుంటారు. ఆ వణికే చెయ్యి. ఉన్నన్నాళ్లు వెతుక్కోనీ. వెతకడం తప్ప ఆ ఇంట్లో ఇంకేం మిగిలింది? దాన్నీ తీసేసుకోవడానికి నువ్వెవరు? చీపురుపల్లిలో రైలు ఆగింది. బుట్టల ఆడవాళ్లు దిగిపోయారు. అమ్మడు ఉలిక్కిపడి లేచి, కొంగు సర్దుకుని, కూతురి ముఖంలోకి చూసింది.

"ఏటే, అలగున్నావు? వొంట్లో బాగోనేదేటి?"

"బాగానే ఉందమ్మా."

"బాగుంటే కళ్లల్ల నీళ్లెందుకొచ్చాయి? బయమేస్తంటే సెప్పు, ఎనక్కెల్లిపోదుం. పట్టా నేకపోతే సచ్చిపోతామేటి?"

కుసుమ నవ్వింది, నవ్వు మధ్యలోనే కన్నీళ్లు జారాయి. చెప్పింది. ఎలా చెప్పాలో తెలియకుండానే చెప్పింది. మేస్టారు ముప్పై ఏళ్లుగా ఒకదాన్ని వెతుకుతున్నారమ్మా. భార్య పోయాక దాన్నే పట్టుకుని బతుకుతున్నారు. అది లేదని ఇందాక నాకు తెలిసింది. లేదు, ఇంక ఎన్నటికీ దొరకదు. ఆ సంగతి ఆయనకి చెప్పాలా వద్దా?

అమ్మడు గరివిడి ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కిటికీలోకి వచ్చి పోయేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. "కచ్చితంగా నేదా?" అంది చివరికి. "నీకు కనపడక నేదంటన్నావా, నిజంగానే నేదా?"

"నిజంగానే లేదమ్మా. లెక్క కట్టాను. తప్పు లేదు."

"అయితే సెప్పెయ్." అమ్మడు చీర అంచు వేళ్లకి చుట్టుకుంటూ, కూతురికేసి కాకుండా ఖాళీ సీటుకేసి చూస్తూ అంది. "మీ కూర్మయ్య మావ ఏటకెల్లి రానేదు కదా. సెక్క ముక్కయినా ఒడ్డుకి రానేదు. ఉన్నాడో నేడో. ఎవులేనా ఇలగ లెక్కగట్టి, ఒసే అమ్మడూ, మీ అన్న నేడే అని సెప్పుంటే, ఒక్కపాలి గట్టిగా ఏడ్సి ఊరుకుందును. ఏడవనూ నేక, మానుకోనూ నేక. సముద్రం సెప్పదు కదే. నీకు తెలిసినాది కదా. సెప్పెయ్. పెద్దాయన్ని ఇంక ఎతకనీకు."

కుసుమ ఆ మాటలకి తల్లి ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. వేరే దేశం జైలు నుంచి మన జాలర్లని విడిచిపెట్టారని టీవీలో చూపించినప్పుడల్లా అమ్మడు చేస్తున్న పని వదిలేసి వచ్చి, తెర దగ్గరికెళ్లి, ఒక్కో ముఖాన్నీ వేలితో తడిమినట్టు చూసేది. గెడ్డం పెంచేసుంటాడు, పోలికలు మారిపోయుంటాయి అని తనలో తనే గొణుక్కునేది. ఇంట్లో అందరికీ అది అలవాటైపోయింది. జాలి అనుకున్నారు అందరూ, కుసుమ కూడా. సముద్రం ఎప్పుడూ లేదని చెప్పదు, రాలేదు అని మాత్రమే చెబుతుంది. రాలేదు, ఇంకా రాలేదు, ఇవాళా రాలేదు. లేదు అని చెప్పగలిగిన చోటు ఒక్కటే ఉంది లోకంలో, ఇందాక లెక్కలో తను వెళ్లొచ్చిన చోటు. అక్కడ ఎవరికోసమూ ఎవరూ ఒడ్డున నిలబడక్కర్లేదు. నెల్లిమర్ల దగ్గర చంపావతిలో నీళ్లు తళుక్కుమన్నాయి, రైలు నెమ్మదించింది, తల్లీకూతుళ్లు ఇద్దరూ లేచి తలుపు దగ్గరికి నడిచారు, ఇంకా ఊరు రాకుండానే.

మేస్టారు అనుకున్నట్టే ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఉతికిన పంచె, ఇస్త్రీ చేసిన చొక్కా, ఒళ్లో చేతికర్ర. భార్య పోయాక ఇంత శుభ్రంగా కుసుమ ఆయన్ని చూడలేదు. వీళ్లని చూడగానే లేవబోయి, లేవలేక, కర్ర ఎత్తి ఊపారు. "రామ్మా, రా. అమ్మడుగారూ, బావున్నారా? నిద్ర పట్టిందా? నాకైతే లేదు. కుసుమా, వాళ్లు మన ఊహ మీదే పడతారు, నాకు తెలుసు. బెదరకు. అమరిక ఉంది అని గట్టిగా చెప్పు."

"లేదు మేస్టారూ."

"ఏవిటి లేదు?"

"అమరిక. బుట్ట అల్లికకి లేదు. ఉండడానికి వీల్లేదు. ఇప్పుడే, రైల్లో." కుసుమ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "ఇవాళ చెప్పకూడదేమో అనుకున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను."

ఆయన ఎత్తిన కర్ర ఒళ్లోకి దించుకున్నారు. వాళ్లొచ్చిన రైలు ఇంకా అక్కడే ఉంది, జనం బల్లని రాసుకుంటూ పోతున్నారు, మైకులో ఏదో చెబుతున్నారు. అమ్మడు కూతురి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన, "గింజలు లెక్కపెట్టావా?" అన్నారు, ఎక్కణ్నుంచో.

"గింజలు కాదు మేస్టారూ. ఖాళీ త్రికోణాలు."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. చెప్పు అన్నట్టు వేలు కదిపారు. కుసుమ ఆయన ముందు నేలమీద గొంతుక్కూర్చుని మొదలుపెట్టింది. కన్నం చుట్టూ దండ, దండలో ఖాళీలు రెండో మూడో. పన్నెండు తాకిడులు. ఐదింట రెండు. "ఇప్పుడు మూడు ఖాళీలున్న కన్నం చూడండి మేస్టారూ, దాని చుట్టూ నిండు త్రికోణాల గింజ..."

"ఆగు," అన్నారాయన. "చెప్పకు."

కళ్లు మూసుకున్నారు. కర్ర జారి కింద పడింది, పట్టించుకోలేదు. కుడిచేతి వేలు తొడ మీద నెమ్మదిగా కదలసాగింది, పంచె మడత మీద ఒక చుక్క, మరో చుక్క. కుసుమ ఆ వేలినే చూసింది. తను పొద్దున్న నడిచిన దారే, అదే మలుపు, ఇప్పుడు ఆయన ఒక్కరే నడుస్తున్నారు, వేలు ఎక్కడ ఆగుతుందో ఎక్కడ తిరుగుతుందో ఆమెకి తెలుసు. వేలు ఆగింది. బయటి మూల. అవును మేస్టారూ, అక్కడే. తిరిగింది. జంట. అవును. మూడు కన్నాలు. వణుకు లేదు ఆ వేలికి. ఎన్నాళ్ల తర్వాతో వణుకు లేదు. వెనక రైలు కూత వేసి కదిలింది, పెట్టె తర్వాత పెట్టె, ఆ చప్పుడులో ఆయన పెదాలు మాత్రమే కనబడ్డాయి, పదిహేను, ఆరు, ఐదు. ఆఖరి పెట్టె పోయింది. ఎండ ఒక్కసారిగా ప్లాట్‌ఫారం మీద పడింది.

ఆయన కళ్లు తెరిచారు. నీళ్లు నిండి ఉన్నాయి. చిన్నపిల్లాడిలా నోరు తెరిచి, ఎండకేసి, పట్టాలకేసి, కుసుమకేసి చూశారు. "ముప్పై ఏళ్లమ్మా," అన్నారు. "ముప్పై ఏళ్లు దాని చుట్టూనే తిరిగాను. తలుపు ఎటుందా అని తిరిగాను. అది గోడ!" అంటూ నవ్వారు, నవ్వు ఆపుకోలేక దగ్గారు, దగ్గుతూ కన్నీళ్లు తుడుచుకున్నారు. "లేకపోవడం ఎంత అందంగా ఉంది కుసుమా! ఉంటే కూడా ఇంత అందంగా ఉండేది కాదు."

"ఏడుస్తన్నాడేటే?" అమ్మడు కూతురి చెవిలో అడిగింది, భయంగా.

"లేదమ్మా."

"మరేటి?"

కుసుమ కింద పడ్డ కర్ర తీసి ఆయనకి అందించబోయింది. వైవాకి వేళవుతోంది మేస్టారూ, వెళదాం, ఆటో పిలుస్తాను అంది. ఆయన కర్ర పుచ్చుకోలేదు. బల్ల మీద పక్కకి జరిగి, అమ్మడికి చోటు చూపించారు.

"వాళ్లు ఆగుతారు. అమ్మడుగారూ, కూర్చోండి. మీ అమ్మాయి ఒక సంగతి కనుక్కుంది, మీరూ వినండి." చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, వెన్ను నిటారుగా చేసి, తరగతిలో మొదటి బెంచీ పిల్లాడిలా కూర్చున్నారు. "మొదట్నించీ చెప్పమ్మా. ఒక్క మెట్టు కూడా వదలకు."

అమ్మడు కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆయన పక్కన కూర్చుంది. కుసుమ ఇద్దరికీ ఎదురుగా ఎండలో నిలబడి, గొంతు సవరించుకుని, చెప్పడం మొదలుపెట్టింది.